ప్రశ్నల గది పుట్టిన కథ

బడ్జెట్ సమావేశాల చివర్లో లోక్‌సభలో ఒక సాయంత్రం వస్తుంది. ఆ ఏడాది చర్చకు నోచుకున్న నాలుగైదు శాఖలు పోగా, మిగిలిన శాఖల పద్దులన్నిటినీ కలిపి స్పీకర్ ఒకేసారి ఓటుకు పెడతారు. అవునన్నవాళ్ళ గొంతులు ఒకసారి, కాదన్నవాళ్ళ గొంతులు ఒకసారి వినిపిస్తాయి. అంతే, లక్షల కోట్ల రూపాయలు మంజూరైపోతాయి. దీనికి పార్లమెంటు పెట్టుకున్న పేరు గిలటిన్. ఫ్రెంచి విప్లవంలో తలలు నరికిన యంత్రం పేరే అది. విద్యుత్తు, బొగ్గు, రోడ్లు, ఓడరేవుల పద్దులు ఎన్నో ఏళ్ళలో ఈ కత్తి కిందికే వెళ్ళాయి.

మరి ఆ డబ్బు గురించి ఎవరూ ఏమీ అడగలేదా అంటే, అడిగారు. సభలో కాదు, తలుపులు మూసిన ఒక గదిలో. బల్లకు ఒక పక్క అన్ని పార్టీల ఎంపీలు, ఎదురుగా శాఖ కార్యదర్శి, ఆయన వెనక ఫైళ్ళు పట్టుకున్న అధికారులు. కెమెరాలుండవు. పార్టీల విప్ పనిచేయదు. మంత్రులకు అందులో సభ్యత్వం లేదు. కిందటేడు ఇచ్చిన డబ్బు ఎందుకు మిగిలింది, ఫలానా ప్రాజెక్టు ఎందుకు ఆగింది, బొగ్గు ఎందుకు అందలేదు అని అక్కడ ఒక్కొక్కటే అడుగుతారు. టీవీలో మనం చూసే పార్లమెంటు కన్నా, ఎవరూ చూడని ఈ పార్లమెంటే ఎక్కువ పని చేస్తుందని నా అభిప్రాయం.

అయితే ఈ గదిని ఎవరో ఒక్కరు కూర్చుని గీసి కట్టలేదు. 1921లో మొదలై ఇప్పటి రూపానికి రావడానికి డెబ్భై ఏళ్ళకు పైగా పట్టింది. ఒక్కో మలుపు దగ్గర ఒక కుంభకోణమో, ఒక మొండి సభ్యుడో, చేయి దాటిపోయిన ఖర్చో కనిపిస్తుంది. ఆ మలుపుల్లో మనకు తెలిసిన పేర్లు తరచుగా ఎదురవుతాయి. మన పాఠ్యపుస్తకాలు మాత్రం వాళ్ళను ఈ పనికి గుర్తుపెట్టుకోలేదు.

లెక్క అడిగే సంఘం అన్న ఆలోచన ఇంగ్లండుది. 1861లో గ్లాడ్‌స్టన్ ఆర్థికమంత్రిగా ఉన్నప్పుడు కామన్స్ సభ ప్రజాపద్దుల సంఘాన్ని పెట్టుకుంది. సభ దేనికి డబ్బిచ్చిందో దానికే ఖర్చయిందా లేదా చూడటం దాని పని. మాంటేగు–చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల తర్వాత 1921లో మన దేశంలోనూ అదే పేరుతో ఒక సంఘం వచ్చింది. పేరైతే వచ్చింది కానీ, దానికి అధ్యక్షుడు సర్కారులోని ఆర్థిక సభ్యుడే. ఖర్చు పెట్టినవాడే లెక్క చూసుకునేవాడన్న మాట. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన 1950లో గానీ అది స్పీకర్ అజమాయిషీలోకి, అంటే నిజంగా పార్లమెంటు చేతికి, రాలేదు.

అప్పటికీ ఒక లోపం మిగిలింది. అధ్యక్ష పదవి అధికార పక్షం వారికే దక్కేది. 1967 ఎన్నికల్లో కాంగ్రెస్ బలం బాగా తగ్గింది. ఆ సభకు స్పీకర్ అయినవారు అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి. ఆ ఏడాది ప్రజాపద్దుల సంఘం పగ్గాలు స్వతంత్ర పార్టీకి చెందిన మీనూ మసానీ చేతికి వెళ్ళాయి. ప్రతిపక్షం మనిషి ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. అప్పటినుంచి అది ఆనవాయితీ. చట్టంలో ఎక్కడా రాయకపోయినా, ఏ ప్రభుత్వం వచ్చినా దాన్ని కాదనడానికి సాహసించలేదు. రాసిన నిబంధనల కన్నా ఇలాంటి ఆనవాయితీలు గట్టిగా నిలవడం మన పార్లమెంటులో అరుదే.

ప్రజాపద్దుల సంఘానికి పుట్టుకతో వచ్చిన చిక్కు ఒకటుంది. డబ్బు ఖర్చయ్యాక, ఆడిటరు తప్పు పట్టాక గానీ దాని వంతు రాదు. ఖర్చు కాకముందే, అంచనా దశలోనే అడిగేవాళ్ళు కావాలి కదా. ఆర్థికమంత్రి జాన్ మత్తాయ్ ఒప్పుకోవడంతో 1950 ఏప్రిల్ 10న అంచనాల సంఘం ఏర్పడింది. మొదట 25 మంది సభ్యులు, 1956 నుంచి 30 మంది. అందరూ లోక్‌సభ వాళ్ళే. ఆ సంఘానికి తొలి అధ్యక్షుడు మాడభూషి అనంతశయనం అయ్యంగారు. తిరుపతి పక్కనున్న తిరుచానూరు ఆయన ఊరు. తర్వాత స్పీకర్ కూడా అయ్యారు కాబట్టి ఆయన పేరు చెప్పగానే అందరికీ స్పీకర్ కుర్చీయే గుర్తొస్తుంది. నన్నడిగితే అంతకు ముందు ఆయన చేసిన ఈ పనే పెద్దది. ఒక కొత్త సంఘం ఎలా నడవాలి, అధికారుల్ని ఏం అడగాలి, ఎలా అడగాలి అన్న నడక నేర్పినవారు ఆయన.

అది కొత్త దేశం పెద్దపెద్ద ఆనకట్టలు కడుతున్న కాలం. దామోదర్ లోయ కార్పొరేషన్‌కు 1948లోనే చట్టం చేశారు. భాక్రా–నంగల్, హీరాకుడ్ పనులు సాగుతున్నాయి. నీళ్ళూ, కరెంటూ ఒకే గోడ నుంచి రావాలి, దేశం మారిపోవాలి. అంతటి ఆశ ఉన్నచోట లెక్కలు అడిగితే దేశభక్తి లేనివాడి కింద జమకట్టే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అయినా అంచనాల సంఘం తన తొలి నివేదికల్లోనే కేంద్ర జల, విద్యుత్ కమిషన్‌నూ, బహుళార్థసాధక నదీలోయ పథకాలనూ చేతిలోకి తీసుకుంది. మన దేశంలో మౌలిక వసతుల మీద పార్లమెంటు చేసిన వివరమైన పరిశీలన అక్కడే మొదలైందనుకోవచ్చు.

దామోదర్ కార్పొరేషన్ లాంటివి ఇంకో తలనొప్పి తెచ్చాయి. అవి ప్రభుత్వ శాఖలు కావు, ప్రైవేటు కంపెనీలూ కావు. డబ్బు ప్రజలది, నిర్వహణ స్వతంత్రం. సభలో ఎవరైనా ప్రశ్న వేస్తే మంత్రి లేచి 'అది సంస్థ అంతర్గత వ్యవహారం' అనేసి కూర్చోవచ్చు. ఈ సందును పట్టుకున్నది డాక్టర్ లంకా సుందరం. విశాఖపట్నం నుంచి ఇండిపెండెంటుగా మొదటి లోక్‌సభకు ఎన్నికైన సభ్యుడాయన. ప్రభుత్వ సంస్థల మీద పార్లమెంటు అదుపు ఏమిటి, వాటికి విడిగా ఒక సంఘం అక్కర్లేదా అని 1953 డిసెంబరులోనే సభలో లేవనెత్తారు. ఏ పార్టీ అండా లేని మనిషి అడిగిన మాట అది. వెంటనే ఏమీ జరగలేదు.

జరగడానికి ఒక కుంభకోణం కావాల్సి వచ్చింది. కొత్తగా పుట్టిన జీవిత బీమా సంస్థ 1957లో హరిదాస్ ముంధ్రా కంపెనీల షేర్లను సుమారు కోటీ పాతిక లక్షల రూపాయలు పెట్టి కొంది. ఆ కంపెనీలు అప్పటికే కుంటినడక నడుస్తున్నాయి. ఆ ఏడాది డిసెంబరులో ఫిరోజ్ గాంధీ, నెహ్రూకు సొంత అల్లుడే, సభలో లేచి గుట్టు విప్పాడు. చాగ్లా కమిషన్ బహిరంగంగా విచారించింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ప్రభుత్వ సంస్థ డబ్బు ఎటు పోతోందో చూసే కన్ను పార్లమెంటుకు లేదని నాలుగేళ్ళ కిందట విశాఖ సభ్యుడు చెప్పిన మాట అప్పుడు అందరికీ అర్థమైంది.

అర్థమవడం ఒక ఎత్తు, చేయడం ఇంకో ఎత్తు. కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీ వి.కె. కృష్ణమీనన్ నాయకత్వంలో ఒక కమిటీ వేసింది. అది 1959లో సిఫారసు చేసింది. ఆపైన రాజ్యసభ వాళ్ళకు చోటివ్వాలా వద్దా అని పేచీ. డబ్బు వ్యవహారాల్లో తమదే పైచేయి అని లోక్‌సభ సభ్యుల పట్టుదల. చివరికి 1963 నవంబరులో తీర్మానం నెగ్గి, 1964 మే 1 నుంచి ప్రభుత్వరంగ సంస్థల సంఘం పనిలోకి దిగింది. లోక్‌సభ నుంచి పదిమంది, రాజ్యసభ నుంచి ఐదుగురు. తర్వాతి కాలంలో ఎన్‌టీపీసీ, ఓఎన్‌జీసీ, కోల్ ఇండియా లాంటి భారీ ఇంధన సంస్థలన్నీ ఈ సంఘం ముందుకు రావలసినవే. లంకా సుందరం అడిగిన రోజు నుంచి పదేళ్ళకు పైనే.

ఇప్పుడు కాసేపు లండన్ వెళ్ళాలి. శాఖకొక సంఘం అన్న పద్ధతి ప్రసిద్ధమైంది అక్కడే కాబట్టి. 1979లో మార్గరెట్ థాచర్ అధికారంలోకి వచ్చిన కొత్తలో, సభా వ్యవహారాలు చూసే మంత్రి నార్మన్ సెయింట్ జాన్ స్టీవాస్ పట్టుబట్టి ఒక్కో శాఖను గమనించే సెలెక్ట్ కమిటీలను పెట్టించాడు. వాటిలో ఇంధనానిది ఒకటి. థాచర్ ప్రభుత్వం పదేళ్ళలో 15,000 మెగావాట్ల అణు విద్యుత్కేంద్రాలు కడతామని ప్రకటించింది. కొత్త ఇంధన సంఘం మొట్టమొదట దాన్నే పట్టుకుంది. అంత కరెంటు నిజంగా కావాలా, ఖర్చు లెక్కలు ఎవరు వేశారు అని అడిగి, 1981 నివేదికలో ఆ కార్యక్రమానికి చూపించిన కారణాలు నిలబడవని తేల్చింది. ఆ సంఘానికి అధ్యక్షుడు ఇయాన్ లాయిడ్, థాచర్ పార్టీ మనిషే. ప్రకటించినన్ని కేంద్రాలు ఆ తర్వాత ఎప్పుడూ కట్టలేదు. దానికి వేరే కారణాలూ ఉన్నాయి. కానీ సొంత పార్టీ ప్రభుత్వాన్ని సొంత పార్టీ అధ్యక్షుడు కాగితం మీద నిలదీయగలిగాడు, అదీ అసలు సంగతి.

మన దేశంలో ఈ దారి ముందుగా తొక్కింది ఢిల్లీ కాదు, తిరువనంతపురం. కేరళ శాసనసభ 1980లోనే విషయాల వారీ సంఘాలు పెట్టుకుంది. ఢిల్లీ 1989 ఆగస్టులో మూడింటితో ప్రయోగం చేసింది. వ్యవసాయం, పర్యావరణం–అడవులు, శాస్త్ర సాంకేతికం. ఇంధనం ఇంకా బయటే ఉంది.

ఆ లోపల కాలం తిరగబడింది. 1991లో పి.వి. నరసింహారావు ప్రభుత్వం వచ్చింది. ఖజానాలో విదేశీ మారకం లేదు, సభలో మెజారిటీ లేదు. విద్యుదుత్పత్తిలోకి ప్రైవేటు కంపెనీలను రానిస్తామని ఆ ఏడాదే ప్రకటించారు. ఎనిమిది ప్రాజెక్టులను వేగంగా నడిపిస్తామని, రాష్ట్ర విద్యుత్ బోర్డులు డబ్బు కట్టకపోతే కేంద్రమే హామీ ఉంటుందని ముందుకొచ్చారు. ఆ ఎనిమిదిలో మహారాష్ట్రలోని దభోల్, అంటే ఎన్రాన్, పేరే లోకమంతా మోగింది. కానీ మూడు మన ఆంధ్రప్రదేశ్‌వే: జేగురుపాడు, కాకినాడ దగ్గరి గోదావరి, విశాఖపట్నం. ఏళ్ళ తరబడి నడిచే కొనుగోలు ఒప్పందాలవి. కరెంటు వాడినా వాడకున్నా కట్టాల్సిన స్థిర చార్జీలు వాటిలో ఉన్నాయి. ఇంత పొడుగాటి వాగ్దానాల మీద సంతకాలు పడుతున్న రోజుల్లో, ఏడాదికోసారి వచ్చే గిలటిన్‌తో సరిపెట్టుకోవడం సిగ్గుచేటు.

1993 మార్చి 29న ఉభయసభలూ కొత్త నిబంధనలకు ఒప్పుకున్నాయి. స్పీకర్ శివరాజ్ పాటిల్ దీనికి గట్టిగా పూనుకున్నారు. రెండు రోజుల తర్వాత సెంట్రల్ హాలులో ఉపరాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ప్రారంభించారు. ఏప్రిల్ 8 నుంచి పదిహేడు స్థాయీ సంఘాలు, ఒక్కోదానిలో 45 మంది. కేంద్రంలోని ప్రతి శాఖా ఏదో ఒక సంఘం కిందికి వచ్చింది. ఇంధన సంఘం అలా పుట్టింది. విద్యుత్తు, బొగ్గు, అప్పట్లో సంప్రదాయేతర ఇంధనం అని పిలిచిన సౌర, పవన విభాగం దానికి దక్కాయి. 2004 జులైలో సంఘాలను 24కు పెంచి, సభ్యులను 31కి తగ్గించారు. బొగ్గును విడదీసి ఉక్కుతో జతచేశారు. ఆర్థిక సంస్కరణల పితామహుడిగా పి.వి.ని తలుచుకునేవాళ్ళు వందలమంది. ఆయన హయాంలో వచ్చిన ఈ సంస్కరణను తలుచుకునేవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు.

పని తీరు ఇలా ఉంటుంది. బడ్జెట్ మీద సాధారణ చర్చ అయ్యాక సభలు కొద్దివారాలు వాయిదా పడతాయి. ఆ విరామంలో సంఘాలు తమ శాఖల పద్దులు తెరుస్తాయి. ముందు రాతపూర్వకంగా ప్రశ్నలు పంపుతారు, జవాబులు తెప్పించుకుంటారు, తర్వాత అధికారుల్ని పిలిచి ఎదురుగా అడుగుతారు. నివేదిక సభ ముందుకు వస్తుంది. మూడు నెలల్లో ప్రభుత్వం ఏం చేసిందో చెప్పాలి. ఆ జవాబుల్ని సంఘం మళ్ళీ జల్లెడ పడుతుంది: ప్రభుత్వం ఒప్పుకున్నవి, జవాబు చూశాక సంఘమే వదిలేసినవి, జవాబు చాలక సంఘం మళ్ళీ గుచ్చినవి, ఇంకా తుది జవాబు రానివి. నాకు అన్నిటికన్నా ఆసక్తిగా ఉండేది ఆ మూడో రకం. శాఖ ఎక్కడ తప్పించుకుంటోందో అక్కడ కనిపిస్తుంది. 2004 నుంచి ఇంకో ముడి వేశారు. సిఫారసులు ఎంతవరకు అమలయ్యాయో సంబంధిత మంత్రి ఆరు నెలలకోసారి స్వయంగా సభలో చెప్పాలి.

ఇంత చేసినా, సంఘం మాట వినాలని ప్రభుత్వానికి నిర్బంధం లేదు. సలహా మాత్రమే. రోజువారీ పాలనలో వేలు పెట్టకూడదు. సభ్యత్వం ఏడాదికే. విద్యుత్ రంగపు మీటర్లూ, టారిఫ్‌లూ ఒంటబట్టేలోపు సభ్యుడు ఇంకో సంఘానికి వెళ్ళిపోతాడు.

ఈ గది నిజంగా ఏం చేయగలదో చూపించిన సందర్భం విద్యుత్ బిల్లు, 2001. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోగా చీల్చారు. మరుసటి ఏడు చార్జీలు పెరిగాయి. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో ఆందోళనకారుల మీద పోలీసులు కాల్పులు జరిపారు, ముగ్గురు చనిపోయారు. ఏడాది గడిచాక, 2001 ఆగస్టు 30న, అదే తరహా సంస్కరణను దేశమంతటికీ తెచ్చే బిల్లును సురేశ్ ప్రభు లోక్‌సభలో ప్రవేశపెట్టారు. 1910, 1948, 1998 నాటి మూడు చట్టాలను తీసేసి ఒక్కటి పెట్టడం దాని ఉద్దేశం. అప్పటి స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి. బిల్లు ఇంధన సంఘానికి వెళ్ళింది. సంఘం అధ్యక్షుడు సంతోష్ మోహన్ దేవ్, ప్రతిపక్ష కాంగ్రెస్ సభ్యుడు, సిల్చర్ వాసి.

సంఘం దాదాపు పదహారు నెలలు కూర్చుంది. రాష్ట్రాలు, బోర్డులు, ఉద్యోగ సంఘాలు, పరిశ్రమలవాళ్ళు, అందరి మాటా విన్నది. 2002 డిసెంబరు 19న నివేదిక ఇచ్చింది. ఈలోగా మంత్రి మారిపోయి అనంత్ గీతే వచ్చారు. ప్రభుత్వం సంఘం సూచనలను చాలావరకు తీసుకుని బిల్లును దిద్దుకుంది. 2003 ఏప్రిల్ 9న లోక్‌సభ, మే 5న రాజ్యసభ ఆమోదించాయి, జూన్ 10 నుంచి చట్టం అమలైంది. ఇవాళ మన విద్యుత్ నియంత్రణ కమిషన్లు, అంటే ఈఆర్‌సీలు, ఏటా చార్జీల మీద బహిరంగ విచారణ జరిపేది ఆ చట్టం కిందే. రాష్ట్ర ప్రభుత్వం ఎవరికైనా సబ్సిడీ ఇవ్వదలిస్తే ఆ సొమ్ము డిస్కంకు, అంటే విద్యుత్ పంపిణీ సంస్థకు, ముందుగా కట్టాలన్న 65వ సెక్షనూ అందులోదే. ఉచిత కరెంటు లెక్కల గొడవ వచ్చినప్పుడల్లా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చివరికి ఆ సెక్షన్ దగ్గరికే వెళ్తారు.

అంతసేపు కూర్చున్నా అన్నీ సరిగ్గా కుదరలేదు. పరిశ్రమల దగ్గర ఎక్కువ తీసుకుని ఇళ్ళకూ పొలాలకూ తక్కువకివ్వడం, అదే క్రాస్ సబ్సిడీ, కాలక్రమంలో పూర్తిగా పోవాలని 2003 చట్టం అన్నది. అది ఈ దేశంలో అయ్యే పని కాదు. 2007లో సవరించి, తగ్గిస్తూ పోతే చాలన్నారు.

బొగ్గు కథ దీనికి పూర్తిగా ఎదురు. 1993 నుంచి ప్రభుత్వం వేలం లేకుండా బొగ్గు బ్లాకులను కంపెనీలకు పంచుతూ పోయింది. తారీఖు గమనించండి, స్థాయీ సంఘాలు పుట్టిన ఏడే. ఏటా బొగ్గు శాఖ కార్యదర్శి సంఘం ముందుకు వచ్చాడు, ఏటా పద్దులు చూశారు, పంపకం ఆగలేదు. 2012 ఆగస్టులో ప్రభుత్వ ఆడిటరైన కాగ్ నివేదిక కంపెనీలకు 1.86 లక్షల కోట్ల లబ్ధి అని అంకె వేశాక దేశం ఉలిక్కిపడింది. 2013 ఏప్రిల్‌లో కల్యాణ్ బెనర్జీ అధ్యక్షతన బొగ్గు–ఉక్కు సంఘం, 1993 నుంచి 2008 దాకా జరిగిన కేటాయింపులు అనధికారమైనవని తేల్చి చెప్పింది. మరుసటి ఏడు సుప్రీంకోర్టు రెండు వందలకు పైగా బ్లాకులను రద్దుచేసింది. సంఘం చెప్పింది నిజమే, గట్టిగానే చెప్పింది, ఇరవై ఏళ్ళు ఆలస్యంగా చెప్పింది. పద్దులో కనిపించని నిర్ణయం సంఘం కంట పడదు. బ్లాకు ఉచితంగా ఇచ్చేస్తే ఖజానా నుంచి పైసా బయటికి పోదు, కాబట్టి పద్దులో అది కనిపించదు. ఈ కన్నానికి ఇప్పటికీ మూత పడలేదు.

2010లో అణు ప్రమాద పరిహారం బిల్లు వచ్చినప్పుడు సంఘం సగం గెలిచి సగం పరువు పోగొట్టుకుంది. టి. సుబ్బరామిరెడ్డి అధ్యక్షతన శాస్త్ర సాంకేతిక, పర్యావరణ సంఘం దాన్ని పరిశీలించింది. ప్రమాదం జరిగితే కేంద్రాన్ని నడిపేవాళ్ళు కట్టాల్సిన గరిష్ఠ పరిహారం 500 కోట్లని బిల్లు అంటే, సంఘం 1,500 కోట్లు చేయమంది, అలాగే అయింది. యంత్రాలు సరఫరా చేసిన కంపెనీ బాధ్యత దగ్గరికి వచ్చేసరికి మాత్రం నివేదికలోని 17వ క్లాజు ప్రతిపక్షాలకు గుచ్చుకుంది. విడివిడిగా ఉండాల్సిన షరతులను ఒకదానికొకటి కట్టేశారని, అలాగైతే ఒప్పందంలో ముందే రాసుకుంటే తప్ప సరఫరాదారు తప్పించుకుంటాడని గోల లేచింది. ప్రభుత్వం వెనక్కి తగ్గి ముడి విప్పింది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణు కేంద్రం కడతామంటున్న మనకు అప్పట్లో ఆ క్లాజు దూరపు సంగతి కాదు.

2018 నాటి ముచ్చట ఇంకో దారిలో పోయింది. అప్పటి ఇంధన సంఘం అధ్యక్షుడు విశాఖపట్నం ఎంపీ కంభంపాటి హరిబాబు. కట్టేసి, లేదా సగం కట్టి, బ్యాంకు బాకీల్లో మునిగిన 34 థర్మల్ ప్రాజెక్టుల మీద ఆ మార్చిలో నివేదిక వచ్చింది. వాటి సామర్థ్యం 40,130 మెగావాట్లు. బొగ్గు దొరకదు, కొనేవాడితో ఒప్పందం లేదు, కొన్న డిస్కంలు డబ్బు ఇవ్వవు. ఇవన్నీ చూడకుండా గడువు పెట్టి దివాలాకు లాగడం సరికాదని సంఘం అంది. సరిగ్గా అంతకు ముందు నెల, ఫిబ్రవరి 12న, రిజర్వు బ్యాంకు అలాంటి గడువే పెట్టి ఉంది. కంపెనీలు కోర్టుకెక్కాయి, 2019 ఏప్రిల్ 2న సుప్రీంకోర్టు ఆ సర్క్యులర్‌ను కొట్టేసింది. కోర్టు చెప్పిన కారణం రిజర్వు బ్యాంకు అధికార పరిధికి సంబంధించినది, కానీ వ్యాజ్యంలో సంఘం నివేదికల ప్రస్తావన నడిచింది. ప్రమోటర్ల పట్ల ఆ నివేదికలు కాస్త మెత్తగా ఉన్నాయని నాకనిపిస్తుంది. విపరీతమైన అప్పులతో ప్రాజెక్టులు మొదలుపెట్టినవాళ్ళూ ఆ జాబితాలో లేకపోలేదు.

సంఘం నివేదికను కోర్టులో చూపవచ్చా అన్న ప్రశ్నకు అంతకు ముందే, 2018 మే 9న, ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం చూపవచ్చని జవాబిచ్చింది. ఆ కేసు మూలం మన ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు వేసిన హెచ్‌పీవీ టీకా. ఇంధనంతో సంబంధం లేని ఆ కేసే ఇంధన సంఘం కాగితాలకూ బలమిచ్చింది.

ఇక ఇటీవలి రోజులు. 2022 ఆగస్టు 8న లోక్‌సభలో ఒకేరోజు రెండు ఇంధన బిల్లులకు రెండు గతులు పట్టాయి. ఒకే విద్యుత్ లైన్ల మీద పలు కంపెనీలు కరెంటు అమ్ముకునేందుకు వీలిచ్చే విద్యుత్ సవరణ బిల్లును ప్రవేశపెట్టగానే ప్రతిపక్షాలు అడ్డుకున్నాయి, అది ఇంధన సంఘానికి వెళ్ళింది. నెల తిరగ్గానే తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. చివరికి ఆ లోక్‌సభతోపాటే 2024లో ఆ బిల్లు మురిగిపోయింది. అదే రోజు, కార్బన్ క్రెడిట్ల వ్యాపారానికి దారితీసే ఇంధన పొదుపు సవరణ బిల్లు ఏ సంఘం గడపా తొక్కకుండానే లోక్‌సభలో పాసైంది.

రెండోదే ఇప్పుడు రివాజు. 15వ లోక్‌సభలో పదింట ఏడు బిల్లులు సంఘాల పరిశీలనకు వెళ్ళాయి. 16వ లోక్‌సభలో నాలుగింట ఒకటి. 17వ దానిలో ఆరింట ఒకటి. గదీ ఉంది, బల్లా ఉంది, అడిగేవాళ్ళూ ఉన్నారు. బిల్లులే రావడం లేదు. బిల్లును సంఘానికి పంపడం తప్పనిసరి అని నిబంధనల్లో లేకపోవడమే దీనికి మూలం. 1993లో చేయకుండా వదిలేసిన పని అదొక్కటే, అదే ఇవాళ కాటేస్తోంది. బ్రిటన్‌లో కూడా ప్రభుత్వం సంఘం మాట వినాలన్న చట్టం లేదు. కానీ అడిగే హక్కును కత్తిరించుకోవడానికి అక్కడి సభ ఇంత తేలిగ్గా ఒప్పుకోదు.

చదువరులకు ఒక విన్నపం. బిల్లు ఏదైనా ఇంధన సంఘం ముందుకు వస్తే, అభిప్రాయాలు రాసి పంపండని పత్రికల్లో ప్రకటన ఇస్తారు. రైతు సంఘమైనా, అపార్టుమెంటు సంఘమైనా, ఒక్క మనిషైనా పంపవచ్చు. నివేదికలన్నీ పార్లమెంటు వెబ్‌సైటులో ఉచితంగానే ఉంటాయి, ఇంగ్లీషులోనూ హిందీలోనూ. తెలుగులో ఉండవు, అందుకు మన ఎంపీలనే అడగాలి. విద్యుత్ చట్టానికి మళ్ళీ సవరణ రాక తప్పదు. ఈసారి ప్రకటన కనిపిస్తే పేజీ తిప్పేయకుండా, మీ మోటారుకో మీ మీటరుకో దానివల్ల ఏమవుతుందో రెండు పేజీలు రాసి పంపండి.